ఈ వారం సమస్య: గంగ హిమగిరి నెఱుగదు కలలనైన

పెద్దబాలశిక్ష (మోడరేటర్):
అందరికీ నమస్కారం. మా అల్లుడు పంపిన మారిషస్ ఫోటోలు చూస్తుంటే ఈ పాదం నాలిక మీదకొచ్చి కూర్చుంది, ఇక దిగట్లేదు, అందుకని మీ నెత్తిన వేస్తున్నా.

"గంగ హిమగిరి నెఱుగదు కలలనైన"

ఇది చివరి పాదంగా వచ్చేట్టు మిగతా పద్యం మీరు అల్లాలి, అదే పూరణ. షరతు ఒకటే, పూరణలో మారిషస్ కనబడాలి. అక్కడ కొండల మధ్య గంగా తలావ్ అని ఒక చెరువుంది, పాత పేరు గ్రాండ్ బాసిన్, చల్లారిన అగ్నిపర్వతం నోట్లో నిలిచిన నీళ్ళు, సముద్రమట్టానికి 550 మీటర్ల ఎత్తున ఉంటుందట. ఒడ్డున 33 మీటర్ల శివుడి విగ్రహం. ఇంతకన్నా చిట్కా ఇవ్వను. గంగ అని మరదలికి పేరుపెట్టేసి సరసంలోకి దిగే పూరణలు ఈసారి వద్దు, ఎవరికి చెప్తున్నానో వాళ్ళకి తెలుసు.

మత్తకోకిల:
బోణీ నాదే.

అగ్నిపర్వత మొకనాటి కారిపోగ
దాని నోటను వానలే దాగి నిలువ
మారిషసులోన పుట్టిన మంచి కొలను
గంగ హిమగిరి నెఱుగదు కలలనైన

తెనాలి మామ:
ధార బాగుందమ్మా కోకిలా. "వానలే దాగి నిలువ" చాలా బాగుంది, ఆ రెండో పాదం నాకు ఇచ్చేసెయ్. కానీ "మంచి కొలను" ఏమిటి, చెడ్డ కొలను ఇంకోటుందా ఆ దేశంలో? పాదం మొదటి అక్షరంతో యతి కుదిరింది కదా అని కూర్చోబెట్టావు. ఇంకోటి, మోడరేటర్ గారు చిట్కా ఇచ్చింది ఇచ్చినట్టు పద్యంలో దింపేశావు, మెలిక ఏదీ?

మత్తకోకిల:
మెలిక మీరు చూపించండి బాబాయ్, నేర్చుకుంటాం.

తెనాలి మామ:
చూడు మరి.

తాత కోరంగి రేవున దాటె కడలి
మనుమరాలికి నప్పన్న మాట తెలియు
సింహగిరి పేరు చెప్పిన చేతులెత్తు
గంగ హిమగిరి నెఱుగదు కలలనైన

మారిషస్‌లో మనవాళ్ళని ఒకప్పుడు కోరంగీలనే పిలిచేవాళ్ళు, కాకినాడ పక్క కోరంగి రేవులో ఓడెక్కినందుకు. 1834 నుంచి చెరుకు తోటల కూలికి జనాన్ని తీసుకెళ్ళారు. వాళ్ళు దిగిన చోటు పోర్ట్ లూయీలో అప్రవాసీ ఘాట్ అని ఇప్పటికీ ఉంది, 2006లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఈనాటికీ ఉగాది అక్కడ దేశమంతా సెలవు. ఆ పిల్లకి సింహాచలం తెలుసు, హిమాచలంతో పనేమిటి?

వైజాగ్ వెన్నెల:
అబ్బ!! సింహగిరి పక్కన హిమగిరి. మా ఊరి అప్పన్నని ఆ దీవి దాకా తీసుకెళ్ళారు మామగారు, ఇంకేం కావాలి. నాకు ఇక్కడితో ఈ వారం అయిపోయింది.

గోదారి గట్టు:
అయిపోవడానికి అదేమైనా సినిమానా వెన్నెల గారూ. పిల్లకి గంగ అని పేరు పెట్టడం వద్దని మోడరేటర్ గారు పైన గట్టిగా చెప్పారు, మరదలు కాకపోతే మనుమరాలు, తేడా ఏముంది? పైగా "చేతులెత్తు" అంటే మా గోదారి వైపు నావల్ల కాదని తప్పుకోవడం. సింహాచలం పేరు చెప్తే ఆ పిల్ల తప్పుకుంటోందా ఏంటి? పున్నమినాడు చంద్రుడు కనబడలేదన్న సమస్యకి "మబ్బు పట్టింది" అని పూరించిన మహానుభావులు వీరేనని కొత్తవాళ్ళకి తెలియాలి కాబట్టి రాస్తున్నా.

సరే నాది మాలిక, నాలుగు పాదాలు దాటి సాగే పద్యం. మా టూరులో టాక్సీ నడిపిన గైడ్ మీద. ఆవిడ పేరు నేను పెట్టింది కాదు, వాళ్ళమ్మ పెట్టింది, కనుక షరతు నాకు వర్తించదు.

ఏడు రంగుల మట్టిని నెఱుగు నామె
మోర్ను కొండను చూపించు ముచ్చటగా
పగడ దిబ్బలు లేనిచో భంగ మెగురు
గ్రీగ్రి తీరాన సెల్ఫీకి గెంతులేయు
టాక్సి నడిపెడి మాగైడు డాబు లేని
గంగ హిమగిరి నెఱుగదు కలలనైన

కంద పద్యం కనకం:
"ముచ్చటగా" 🙂

తెనాలి మామ:
కనకం గారు కనిపెట్టేశారు, నేను ఎవరైనా చూస్తారేమోనని ఊరికే ఉన్నా. గట్టు గారూ, పాదం చివర ఐదో గణం "టగా". లగం, అంటే పొట్టి అక్షరం తర్వాత పొడుగుది. అక్కడ రావాల్సిన సూర్యగణాల్లో లగం ఎప్పుడు చేరిందో చెప్తే మేమూ వాడుకుంటాం. "ముచ్చటగను" అని ఉంటే ఎవరికీ గొడవ లేదు. మబ్బు గురించి మాట్లాడేముందు కాళ్ళ కింద చూసుకోవాలి.

గోదారి గట్టు:
పాడి చూడండి, "గా" ని తేల్చి పలికితే సరిపోతుంది.

కంద పద్యం కనకం:
తేల్చి పలికితే సరిపోయేట్టయితే ఛందస్సు దేనికండీ, అందరం తేలుతూనే ఉండొచ్చు.

మత్తకోకిల:
గణం సంగతి ఎలా ఉన్నా నాకు ఈ మాలిక నచ్చింది, చోట్లు కళ్ళకి కట్టాయి. షామరెల్ మట్టి నిజంగా ఏడు రంగులా గట్టు గారూ?

గోదారి గట్టు:
లెక్కపెట్టలేదు గానీ ఎరుపు, ఊదా, గోధుమ, పసుపు వరుసలు వరుసలుగా ఉంటాయి. లావా రాయి పాడై మట్టయినప్పుడు మిగిలిన ఇనుము, అల్యూమినియం వల్ల ఆ రంగులట. ఎండ పక్కనుంచి పడ్డప్పుడు వెళ్ళాలి, మిట్టమధ్యాహ్నం వెళ్తే వెలిసిపోయిన దుప్పటిలా ఉంటుంది. లె మోర్న్ మాత్రం ఎప్పుడు చూసినా గుండె ఝల్లుమంటుంది, 556 మీటర్ల రాతికొండ సముద్రంలోంచి లేచి నిలబడ్డట్టు. పారిపోయిన బానిసలు దాని మీదే దాక్కున్నారని మా గంగమ్మ చెప్పింది. 2008లో దాన్ని కూడా యునెస్కో వాళ్ళు గుర్తించారు. ఆ కొండ దగ్గర్లో సముద్రం లోపల జలపాతం పడుతున్నట్టు ఫోటోలు చూసుంటారు, అది ఇసుక జారడం వల్ల వచ్చే భ్రమ, ఒడ్డున నిలబడితే ఏమీ కనబడదు, హెలికాప్టర్ ఎక్కాలి, ఆ రేటు విని మేం ఫోటోతోనే సరిపెట్టుకున్నాం. గ్రీగ్రి దగ్గర పగడపు గట్టు తెగిపోయి అలలు సరాసరి రాళ్ళని కొడతాయి, ఈతకి దిగకూడదు, చూడ్డానికి మటుకు మిగతా బీచ్‌లన్నీ దాని ముందు స్విమ్మింగ్ పూల్సే.

తెనాలి మామ:
వచనం బాగా రాస్తారు మీరు. అదే రాస్తూ ఉండండి.

కంద పద్యం కనకం:
అసలు విషయం ఎవరూ పట్టించుకోవట్లేదు. ఆ చెరువులో 1972లో గోముఖం నుంచి తెచ్చిన గంగనీళ్ళు కలిపారు, గంగా తలావ్ అన్న పేరు అప్పుడే స్థిరపడింది. అంటే ఆ నీళ్ళకి హిమగిరి తెలుసు, పుట్టిల్లే అది. ఇక కల అంటారా, ఆ చెరువు యాత్రాస్థలం అయిందే కల వల్ల. 1897లో ట్రియోలే ఊరి పూజారి ఒకాయనకి ఆ నీళ్ళు జాహ్నవితో కలిసినట్టు కల వచ్చిందని చెప్పుకుంటారు, మరుసటేడు నుంచి శివరాత్రికి జనం నడిచి వెళ్ళడం మొదలైంది. అంటే మన మోడరేటర్ గారి పాదంలో గంగ, హిమగిరి, కల మూడూ చరిత్రకి అడ్డంగానే ఉన్నాయి! కోకిల పూరణ 1972కి ముందైతే చెల్లేది, ఇప్పుడు చెల్లదు. కనుక నాది:

కలను గాంచిరి యర్చకుల్ గంగ నచట
గోముఖపు నీరు తెచ్చిరి కొలన గలుప
నెట్టు లందురు మీరింక నిట్టి మాట
"గంగ హిమగిరి నెఱుగదు కలలనైన"

పెద్దబాలశిక్ష (మోడరేటర్):
కనకం గారూ, నా పాదంతోనే నన్ను కొట్టారు. ఈ 1972 సంగతి తెలిసుంటే నేను పాదం ఇంకోలా అల్లేవాడిని, అప్పుడీ పద్యం వచ్చేది కాదు, పోన్లెండి.

గోదారి గట్టు:
నాకు ఒప్పుదల లేదు. సమస్యని ఇంకొకళ్ళ నోట్లో పెట్టి "ఎట్లా అంటారు" అని దులిపేసుకోవడం పాత ఎత్తు. ఏ సమస్యకైనా పనికొస్తుంది. కుందేటికి కొమ్ము మొలిచింది అన్నా "ఎట్లా అంటారు" అంటే సరి, పూరణ అయిపోతుందా? సమస్యని ఒప్పుకుని గెలవాలి గానీ పేచీ పెట్టి గెలవకూడదు.

కంద పద్యం కనకం:
ఎత్తు పాతదే, కానీ ఇక్కడ పేచీకి రుజువు చూపించాను, కల ఒక పాదంలో, హిమగిరి ఇంకో పాదంలో. ఊరికే "ఎట్లా అంటారు" అనలేదు. మీ టాక్సీ గంగమ్మకి హిమాలయం తెలీదని మీకెలా తెలుసు, అడిగారా?

గోదారి గట్టు:
అడగలేదు.

వైజాగ్ వెన్నెల:
😂😂 నేను కూడా ఒకటి. చాలా రోజులైంది పద్యం రాసి, కొంచెం చూసీ చూడనట్టు పొండి.

ఎగుర నేరదు మనుజుల కెపుడు బెదర
దట్టి డోడోకు నాదీవి ధరణి యంత
పడవ దిగినట్టి దొరలకు పలలమయ్యె
గంగ హిమగిరి నెఱుగదు కలలనైన

పెద్దబాలశిక్ష (మోడరేటర్):
ఓహో! ఎరగంది గంగ కాదు, డోడో, ఆ దీవిలో అంతరించిపోయిన పక్షి. గంగా ఎరగదు, హిమగిరీ ఎరగదు. పాదంలో అక్షరం కదపకుండా కర్త మారిపోయింది. నేను పాదం ఇచ్చినప్పుడు ఈ దారి ఉందని నాకే తెలీదు.

మత్తకోకిల:
వెన్నెలా, పాపం అనిపించింది ఆ "ధరణి యంత" దగ్గర.

గోదారి గట్టు:
బాగుంది, కాదనను. కానీ డోడోకి గంగ ఎందుకు తెలియాలి? కాకికీ తెలీదు, కోడికీ తెలీదు. అన్వయం కుదిరింది గానీ అవసరం కుదరలేదు. ఇంకోటి, డచ్చి నావికులు తిన్న మాట నిజమే గానీ ఆ జాతిని ఎక్కువ ముంచింది వాళ్ళతో వచ్చిన పందులూ ఎలుకలూ, గుడ్లు మిగలనివ్వలేదు. దొరల మీద మొత్తం తోసేశారు.

తెనాలి మామ:
ఎందుకు తెలియాలా? పోయేటప్పుడు నోట్లో ఇంత గంగ పోసే దిక్కు కూడా లేకుండా పోయింది ఆ పక్షి, అందుకు. ఎముకలు ఎయిర్‌పోర్ట్ దగ్గర్లోని బురదమడుగులో దొరికాయి, 1865లో. గంగా తలావ్ ఉన్న దీవిలోనే ఉండి గంగ దక్కలేదు. ఇంతకన్నా అవసరం ఏం కావాలండీ? ఇప్పుడు దేశం రాజముద్ర మీద మాత్రం నిలబెట్టుకున్నారు దాన్ని.

వైజాగ్ వెన్నెల:
మామగారూ, నిజం చెప్పాలంటే నేను అంత ఆలోచించలేదు, మీరు చెప్పాక నా పద్యం నాకే ఇంకా నచ్చింది.

కంద పద్యం కనకం:
రాసినవాళ్ళకి లేని భావాలు తవ్వి తీయడంలో మామగారికి సాటి లేరు. నా పద్యంలో కూడా ఏమైనా తవ్వండి.

మత్తకోకిల:
శివరాత్రికి వెళ్తే బావుంటుందా ఎవరైనా చెప్పండి, మా వారు లీవ్ పెడతానంటున్నారు.

గోదారి గట్టు:
జనం కావళ్ళు మోస్తూ రాత్రీ పగలూ నడుస్తారు, అది చూడాలంటే అప్పుడే వెళ్ళాలి. కానీ వాళ్ళకి అది ఎండాకాలం, తుఫాన్ల రోజులు కూడా. బీచ్‌ల కోసమైతే అక్టోబరు, నవంబరు హాయి.

పెద్దబాలశిక్ష (మోడరేటర్):
ఈ వారానికి నా ఓటు డోడోకి, కనకం గారికి రెండోది. మామగారి సింహగిరి పాదం విడిగా దాచుకుంటున్నా. గట్టు గారి మాలిక ఆ ఐదో గణం సరిచేస్తే సంకలనంలో పెడతాను. కొత్త పాదం శనివారం.

గోదారి గట్టు:
నేను సరిచెయ్యను. "ముచ్చటగా" అలాగే ఉంటుంది.

తెనాలి మామ:
ఉండనివ్వండి, సంకలనానికి దిష్టిచుక్క. ఇకపోతే మబ్బు గురించి, ఆ పద్యంలో మబ్బు లేదు, గ్రహణం ఉంది, మూడో పాదం మళ్ళీ చదువుకోండి.

గోదారి గట్టు:
చదివాను. మబ్బే.