ఇంటర్ పిల్లలకు పోకర్ ర్యాంకులు నేర్పొచ్చా?

బైరాగిపట్టెడ మేష్టారు:
తిరుపతిలో ఇంటర్ పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్తుంటాను. ఈసారి సంభావ్యత పాఠాన్ని పోకర్ ర్యాంకులతో మొదలుపెడతానంటే ఒక తండ్రి "పిల్లలకు పేకాట నేర్పుతారా?" అని అడ్డుపడ్డారు. మీరేమంటారు?

నా వాదన ఇదీ. పోకర్‌లో చేతికొచ్చే ఐదు ముక్కలను హ్యాండ్ అంటారు, ఎంత అరుదైతే అంత పెద్ద ర్యాంకు. 52 ముక్కల్లోంచి ఐదింటిని 25,98,960 రకాలుగా తీయొచ్చు. ఏ రకం ఎంత అరుదుగా వస్తుందో లెక్కేస్తే చాలు, ర్యాంకుల వరుస బట్టీ పట్టే పనే లేదు. ఒకే గుర్తులో 10 నుంచి ఆసు దాకా వస్తే రాయల్ ఫ్లష్, అవి నాలుగే. ఒకే గుర్తులో వరుసగా వచ్చే మిగతా స్ట్రెయిట్ ఫ్లష్‌లు 36. నాలుగు రాజులో నాలుగు ఏడులో పడేవి 624. మూడు ఒకటి, రెండు ఒకటి కలిసే ఫుల్ హౌస్ 3,744. ఐదూ ఒకే గుర్తయితే ఫ్లష్, 5,108. గుర్తు కలవకుండా వరుసగా వస్తే స్ట్రెయిట్, 10,200. ఆ కింద మూడు ఒకేలా, రెండు జతలు, ఒక జత. సగానికి పైగా హ్యాండ్లలో ఇవేవీ ఉండవు, పెద్ద ముక్క ఎవరిదైతే వాళ్లదే గెలుపు.

కొర్లగుంట కుర్రాడు:
సార్, సంక్రాంతికి మా ఊళ్లో ఆడే మూడు ముక్కలాటలో సీక్వెన్సే (వరుస ముక్కలు) కలర్‌ను (ఒకే గుర్తు ముక్కలు) కొడుతుంది. పోకర్‌లో ఫ్లష్ పెద్దదంటున్నారు. ఎవరికి తోచినట్టు వాళ్లు పెట్టుకున్నదేగా ఇది?

బైరాగిపట్టెడ మేష్టారు:
కాదబ్బాయ్, నేను నేర్పాలనుకుంటున్నది సరిగ్గా ఇదే. మూడు ముక్కలయితే మొత్తం 22,100 రకాలు. అందులో గుర్తు కలవని సీక్వెన్సులు 720, కలర్లు 1,096. అక్కడ సీక్వెన్స్ అరుదు కాబట్టి అదే పెద్దది. ఐదు ముక్కలకొచ్చేసరికి లెక్క తిరగబడింది. రెండు ఆటల్లోనూ సూత్రం ఒకటే. ఈ తేడాను పిల్లవాడు తనే వేసి చూసుకుంటే, ఆ పాఠం ఇక మర్చిపోడు.

గ్రీమ్స్‌పేట అక్క:
మేష్టారూ, మీ లెక్కను నేను తప్పుపట్టను. మా చిన్నాయనకు లెక్క రాక కాదు పోయింది. రమ్మీలో ఎవరు ఏ ముక్క పడేశారో ఆట అయ్యేదాకా గుర్తుండేది ఆయనకు. ఆ తెలివి మీద ధీమాతోనే చిత్తూరు పక్కనున్న మామిడితోట అమ్ముకున్నాడు. పిన్నమ్మ ఇప్పటికీ ఆ దారిన బస్సెక్కదు. తెలియనివాడు భయపడి లేచిపోతాడు, కాస్త తెలిసినవాడే కూర్చుంటాడు. పదహారేళ్ల పిల్లాడికి మీరిచ్చేది ఆ కాస్తే.

రేణిగుంట రామచిలుక:
అక్కా, చట్టం కూడా మీవైపే ఉంది. 2020లో మన రాష్ట్రం ఆన్‌లైన్‌లో పందెం పెట్టి ఆడే రమ్మీ, పోకర్‌లను ఆపేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. నైపుణ్యమా అదృష్టమా అనేది పాత గొడవే. 1968లో మన రాష్ట్రం కేసులోనే సుప్రీంకోర్టు రమ్మీలో నైపుణ్యం ఎక్కువంది, మూడు ముక్కలాటను మాత్రం వట్టి అదృష్టం కిందే చూసింది. అయితే డబ్బు లేకుండా తరగతిలో ర్యాంకులు చెప్తే నేరమెలా అవుతుంది?

మేష్టారికి ఒక ప్రశ్న. టెక్సస్ హోల్డెమ్ అనే పోకర్ రకంలో చేతిలో రెండు, బల్ల మీద ఐదు, మొత్తం ఏడింటిలోంచి మంచి ఐదు ఎంచుకుంటారు కదా. ఏడు ముక్కల్లో ఏ జతా లేకుండా పోవడం కన్నా రెండు జతలు రావడమే ఎక్కువ. మరి అరుదైనదే పెద్దదన్న మీ సూత్రం ఏమైంది?

బైరాగిపట్టెడ మేష్టారు:
మంచి ప్రశ్న. ర్యాంకులు ఐదు ముక్కల లెక్క మీద కట్టినవి, ఏడింటి ఆటకూ వాటినే వాడుతున్నారు. మార్చి చూద్దామన్నా కుదరదు. జత లేని హ్యాండ్‌ను పైన పెడితే, ఏడు ముక్కలున్నవాడు జతలో ఒకదాన్ని వదిలేసి ఐదు వేర్వేరువి చూపిస్తాడు. అప్పుడు అదే ఎక్కువైపోతుంది.

అక్కా, మీ మాట నన్ను పట్టుకుంది. అయినా ఒకటి చెప్పనివ్వండి. చేతిలో రెండు కళావర్లు, బల్ల మీద తెరిచిన మూడింటిలో ఇంకో రెండు ఉన్నాయనుకోండి. ఐదోది వచ్చేస్తుందనే అనిపిస్తుంది. చూడని ముక్కలు 47, వాటిలో కళావర్లు 9. తర్వాతి ముక్కతో వచ్చే అవకాశం ఐదో వంతు కూడా లేదు. ఆశకీ లెక్కకీ ఉన్న ఈ దూరం పిల్లలకు ఫోన్‌లో యాప్ చెప్పదు, నేను చెప్పాలి.

గ్రీమ్స్‌పేట అక్క:
చెప్పండి. కానీ పందెం ఎలా పెంచాలి, లేని ముక్క ఉన్నట్టు ఎలా నటించాలి అన్నవి కూడా చెప్తారా? చింతగింజలతో ఆడించినా రుచి తగిలేది అక్కడే.

రేణిగుంట రామచిలుక:
పందెం తీసేస్తే అది పోకరే కాదక్కా.

గ్రీమ్స్‌పేట అక్క:
కాకపోతే ఏం? మేష్టారికి కావలసింది సంభావ్యతేగా.

బైరాగిపట్టెడ మేష్టారు:
ఒప్పుకుంటున్నాను. ముక్కలన్నీ బల్ల మీద తెరిచి పెడతాం, ర్యాంకులూ లెక్కలూ చెప్తాం, అంతే. చింతగింజలు కూడా ఉండవు. ఆ తండ్రిని కూడా వచ్చి వెనక బెంచీలో కూర్చోమంటాను.

గ్రీమ్స్‌పేట అక్క:
అలాగయితే మా అబ్బాయినీ పంపుతాను. రమ్మీ ఊసు మాత్రం ఎత్తకండి.

కొర్లగుంట కుర్రాడు:
సార్, ఆసు, 2, 3, 4, 5 వస్తే స్ట్రెయిట్ కిందే లెక్కా?

బైరాగిపట్టెడ మేష్టారు:
లెక్కే, కానీ స్ట్రెయిట్లన్నింటిలో చిన్నది. రాణి, రాజు, ఆసు, 2, 3 మాత్రం చెల్లదు.