ఒరాకిల్ కాల్‌బ్యాక్ సక్సెస్ అంటోంది, కాంట్రాక్ట్‌లో విలువ మాత్రం కదలట్లేదు, వైజాగ్ వాళ్లెవరైనా చూడండి

తీరం_కోడ్:
హార్బర్ బోట్లవాళ్ల కోసం ఒక డెమో చేస్తున్నాం. గాలి వేగం ఒక హద్దు దాటితే బోటు ఓనరు ఎవరి చుట్టూ తిరక్కుండా పరిహారం దానంతటదే పడిపోవాలి, ఐడియా అది. ఈథీరియం టెస్ట్‌నెట్ సెపోలియా మీద చైన్‌లింక్ ఫంక్షన్స్ వాడుతున్నా, అంటే బయటి డేటాని కాంట్రాక్ట్‌లోకి (బ్లాక్‌చైన్ మీద నడిచే ప్రోగ్రామ్‌లోకి) తెచ్చే ఒరాకిల్, జవాబు వచ్చాక అది నా కాంట్రాక్ట్‌లో పిలిచే ఫంక్షనే కాల్‌బ్యాక్, డేటా తెచ్చే కాంట్రాక్ట్ ఒకటి, డబ్బులు పంచే కాంట్రాక్ట్ ఇంకోటి. రిక్వెస్ట్ బానే వెళ్తోంది, కాసేపటికి జవాబు తెచ్చే ఫుల్‌ఫిల్ ట్రాన్సాక్షన్, ట్రాన్సాక్షన్లు చూపించే ఈథర్‌స్కాన్ సైట్‌లో పచ్చ టిక్కుతో కనిపిస్తోంది, సబ్‌స్క్రిప్షన్‌లోంచి ఫీజు కింద లింక్ టోకెన్లూ కట్ అవుతున్నాయి, తీరా కాంట్రాక్ట్‌లో చూస్తే ఏం మారదు. మొదట సున్నా, మొన్నోసారి 9 అని పడింది, హమ్మయ్య అనుకున్నా, అప్పట్నుంచి ఆ 9 దగ్గరే ఉండిపోయింది, మధ్యలో కోడ్ ఒక్క అక్షరం ముట్టుకోలేదు. ఇంకో రెండు డౌట్లు: గాలి డేటా ఎక్కణ్ణుంచి తీసుకుంటే నమ్మొచ్చు, రెండు కాంట్రాక్టుల మధ్య పని ఎలా పంచాలి. వచ్చే వారం రుషికొండలో చూపించాలి, కాస్త తొందరగా చెప్పండి.

గ్యాస్_గాజువాక:
గ్యాస్, అదే చైన్ మీద ప్రతి పనికీ అయ్యే ఖర్చు. ఇంకేం చూడక్కర్లేదు. ఫంక్షన్స్‌లో కాల్‌బ్యాక్ గ్యాస్ 3,00,000 దాటనివ్వరు, నువ్వేమో ఆ కాల్‌బ్యాక్‌లోనే బోట్ల లిస్టంతా లూప్ తిప్పి ఒక్కొక్కళ్లకీ డబ్బులు పంపిస్తూ ఉంటావ్, కోడ్ చూడకుండానే చెప్పగలను. సున్నా ఉన్న స్టోరేజ్ స్లాట్‌లో కొత్తగా ఒక్క విలువ రాస్తేనే 22,100 గ్యాస్ హాంఫట్. 2018 నుంచి కాంట్రాక్టులు రాసే భాష సాలిడిటీలోనే ఉన్నా బాబూ, ఇలాంటివి రోజూ చూస్తుంటా.

ఎంవీపీ_నోడ్:
కాల్‌బ్యాక్ అన్న మాట వింటేనే ఒళ్లు మండుతుంది నాకు. మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ లాటరీకి వీఆర్ఎఫ్ పెట్టాం, చైన్‌లింక్ వాళ్ల ర్యాండమ్ నంబర్ సర్వీస్. పాత వెర్షన్‌లో అంతా రాసుకున్నాక 2024 నవంబరు 29తో వీ1, వీ2 రెండూ పక్కకెళ్లి 2.5 వచ్చింది, సబ్‌స్క్రిప్షన్ ఐడీ నంబరు టైపు యూఇంట్64 కాస్తా యూఇంట్256 అయింది, సరే అవన్నీ మార్చాం. తీరా డ్రా రోజు అసోసియేషన్ వాళ్లందరూ కుర్చీలేసుకుని కూచున్నాక, నాతో కలిసి రాసినాయన ఫుల్‌ఫిల్‌ర్యాండమ్‌వర్డ్స్ అనే కాల్‌బ్యాక్‌లో ఒక టైమ్ చెక్ పెట్టి ఉన్నాడు, నంబరు వచ్చేసరికి ఆ టైమ్ దాటింది, రివర్ట్, అంటే చేసిందంతా రద్దు. అంతే, నంబరు పంపే కోఆర్డినేటర్ కాంట్రాక్ట్ రెండోసారి పిలవదు. అందుకే మొత్తుకుంటున్నా, కాల్‌బ్యాక్‌లో రిక్వైర్‌లు (తప్పితే రివర్ట్ చేసే షరతులు) పెట్టకండి, వచ్చిన నంబరు దాచుకుని బయటికొచ్చేయండి, మిగతా సంసారమంతా వేరే ఫంక్షన్‌లో పెట్టుకోండి.

మద్దిలపాలెం_మావ:
పార్కింగ్‌కి వీఆర్ఎఫ్ ఏంట్రా నాయనా, చీటీలు రాసి స్టీలు గిన్నెలో వేసి వాచ్‌మన్ కొడుకు చేత తీయిస్తే టీ తాగేలోపు అయిపోతుంది.

ఎంవీపీ_నోడ్:
పోయినేడాది అలాగే తీయించాం మావా. గిన్నె పట్టుకున్న సెక్రటరీకే లిఫ్ట్ పక్క స్లాట్ వచ్చింది.

హార్బర్_బాబు:
ఏటి బాబూ, గ్యాసు గ్యాసు అంటన్నారు గాని అది ఏ గాలో అడిగినోడు ఒక్కడూ లేడేటి. మన వాతావరణ శాఖోళ్లు 3 నిమిషాల సగటు చెప్తారు, అమెరికావోళ్లు 1 నిమిషం సగటు, ప్రపంచ వాతావరణ సంస్థది 10 నిమిషాలది. ఒకే గాలికి మూడు అంకెలొస్తాయి, 1 నిమిషందే ఎక్కువగా ఉంటాది. నీకు డేటా ఇచ్చే ఆ ఏపీఐ ఏ సగటు ఇస్తందో చూసేవా? నాట్లా, గంటకి కిలోమీటర్లా, సెకనుకి మీటర్లా? 34 నాట్లు వస్తే తుఫాను కింద లెక్క, అంటే గంటకి 63 కిలోమీటర్లు. ఆ 34నే సెకనుకి మీటర్లిచ్చే ఏపీఐకి తగిలించేవనుకో, గంటకి 120 దాటితేగాని రూపాయి కదలదు, ఈలోపు బోటు ముక్కలైపోద్ది. ఇంకోటి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, అప్పుడు గాలొస్తే ఇస్తావా ఇవ్వవా?

గ్యాస్_గాజువాక:
అతను అడిగింది కాల్‌బ్యాక్ సంగతి సార్, వాతావరణ పాఠం కాదు.

హార్బర్_బాబు:
డేటా ఎక్కడిది తీసుకోవాలని కూడా అడిగేడు, కిందకంటా చదివేవా? 2014 అక్టోబరు 12, హుద్‌హుద్, ఊళ్లో ఉన్నావో లేదో నాకు తెలీదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, టవర్లు పడిపోయాయి. ఆ రోజున ఇక్కడి యంత్రం నుంచి నీ ఏపీఐకి అంకె ఎలా వస్తాది? డబ్బులు పడాల్సిన రోజునే డేటా ఉండదు, అది చెప్పు ముందు.

గ్యాస్_గాజువాక:
ఒరాకిల్ నెట్‌వర్క్ అంటే ఏంటో తెలియకుండా మాట్లాడితే ఇలాగే ఉంటుంది. ఒక నోడ్, అంటే ఆ నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్, పోతే ఇంకో నోడ్ ఉంటుంది, అన్నీ కలిసి ఒక అంకెకి వస్తాయి, డీసెంట్రలైజ్డ్ అని ఊరికే అన్నారా.

కైలాసగిరి_డీబగ్:
అన్ని నోడ్లూ నడిపేది మనం రాసిచ్చిన ఒకే జావాస్క్రిప్ట్ అండీ, అన్నీ వెళ్లి తట్టేది అదే ఏపీఐ తలుపు. సోర్స్ పడుకుంటే ఎన్ని నోడ్లుంటే ఏం లాభం, అందరికీ అదే ఎర్రర్. రెండు మూడు సోర్సులు కోడ్‌లోనే పిలుచుకోవాలి, అక్కడా ఒక రిక్వెస్ట్‌కి హెచ్‌టీటీపీ కాల్స్ 5 కన్నా ఎక్కువ కుదరవు. బాబు గారు అడిగింది సరైన ప్రశ్నే. 2018 నుంచి ఉన్నవాళ్లకి తెలిసుండాలి.

గ్యాస్_గాజువాక:
మేడం, వ్యంగ్యాలొద్దు. నేను మెయిన్‌నెట్‌లో డబ్బున్న కాంట్రాక్టులు నడిపినవాణ్ణి, ఫాసెట్‌లో ఉచితంగా ఇచ్చే టెస్ట్ లింక్‌తో ఆడుకునే రకం కాదు.

మద్దిలపాలెం_మావ:
ఫాసెట్ అంటే గుర్తొచ్చింది, పాలిగాన్ వాళ్ల ముంబై టెస్ట్‌నెట్ మూసేశాక దాని బదులొచ్చిన అమోయ్‌లో లింక్ ఎక్కడ దొరుకుతోంది ఇప్పుడు?

కైలాసగిరి_డీబగ్:
తీరం_కోడ్, ఆ పచ్చ టిక్కు నమ్మకు. ఆ ట్రాన్సాక్షన్ ఒరాకిల్ నోడ్‌ది, నీది కాదు. చైన్‌లింక్ రూటర్ కాంట్రాక్ట్ నీ కాల్‌బ్యాక్‌ని పిలుస్తుంది, నీది రివర్ట్ అయినా తను రివర్ట్ అవదు, ఫీజు పట్టుకుని ఫలితం ఈవెంట్‌లో రాసేసి వెళ్లిపోతుంది, మళ్లీ రాదు. లాగ్స్ ట్యాబ్ తెరిచి రూటర్ వదిలిన రిక్వెస్ట్‌ప్రాసెస్డ్ ఈవెంట్ చూడు. అందులో రిజల్ట్‌కోడ్ 0 అయితే సవ్యంగా అయినట్టు, 1 అయితే పడిపోయింది నీ కాల్‌బ్యాకే. రెస్పాన్స్ (జవాబు), ఎర్ర్ (ఎర్రర్ మెసేజ్) అని రెండు బైట్స్ ఉంటాయి, అవీ ఏమున్నాయో చెప్పు. ఊహలు తర్వాత.

తీరం_కోడ్:
రిజల్ట్‌కోడ్ 1. రెస్పాన్స్ ఖాళీ, ఉత్త 0ఎక్స్. ఎర్ర్‌లో పొడుగాటి హెక్స్ ఉంది, టెక్స్ట్‌లోకి మారిస్తే ఎన్‌కోడ్‌యూఇంట్256, ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్ అంటోంది.

కైలాసగిరి_డీబగ్:
దొరికింది. ఏపీఐ నీకు 7.4, 8.1 ఇలా దశాంశాలతో ఇస్తోంది, అంకెని బైట్స్‌లోకి మార్చే ఎన్‌కోడ్‌యూఇంట్256 పూర్ణాంకం తప్ప ఒప్పుకోదు, అక్కడే ఎర్రర్. మొన్న గాలి సరిగ్గా 9 ఉంది కాబట్టి ఆ ఒక్కటీ లోపలికొచ్చింది. ఎర్రర్ వచ్చినప్పుడు రెస్పాన్స్ ఖాళీగా వస్తుంది, నువ్వేమో ఎర్ర్ వైపు చూడకుండా ఆ ఖాళీదాన్నే ఏబీఐ డీకోడ్ చేసి అంకెగా మార్చబోతున్నావ్, అది రివర్ట్, అసలు ఎర్రర్ దాని కింద సమాధి. జావాస్క్రిప్ట్‌లో 100తో గుణించి మ్యాథ్ రౌండ్ చెయ్. కాల్‌బ్యాక్‌లో మొదటి లైనే ఎర్ర్ లెంగ్త్ చూడటం, ఏదైనా ఉంటే దాచుకుని రిటర్న్ అయిపో, డీకోడ్ జోలికే పోకు.

గ్యాస్_గాజువాక:
లూప్ ఉందా లేదా, అది చెప్పమనండి ముందు.

తీరం_కోడ్:
ఉందన్నా. కానీ లిస్టులో ఇప్పుడు మూడే టెస్ట్ అడ్రస్‌లు.

గ్యాస్_గాజువాక:
చూశారా! ఇవాళ మూడు, రేపు మూడొందలు, అప్పుడు ఈ మేడం రౌండ్ ఫంక్షన్ కాపాడుతుందేమో చూద్దాం. ఆ మూడింట్లో ఒక్క అడ్రస్ డబ్బు తీసుకోనని రివర్ట్ చేసినా మిగతా ఇద్దరికీ సున్నా. రివర్ట్‌ని పట్టుకునే ట్రై క్యాచ్ పెడతానంటావేమో, 2016 నాటి ఈథీరియం రూల్ ఈఐపీ-150 ప్రకారం బయటి కాల్‌కి ఉన్న గ్యాస్‌లో 64కి 63 వంతులు పోగలవు, అవతలివాడు అదంతా తినేస్తే నీకు మిగిలిన ముక్కతో ఏం రాస్తావు?

కైలాసగిరి_డీబగ్:
లూప్ తీసేయాలన్నదాంట్లో గొడవేం లేదు. డేటా కాంట్రాక్ట్ రిక్వెస్ట్ ఐడీ వారీగా అంకె దాచాలి, ఎందుకంటే జవాబులు పంపిన వరసలోనే వస్తాయన్న గ్యారంటీ లేదు. డబ్బుల కాంట్రాక్ట్ ఆ అంకెని చదువుకోవాలి, ఓనర్ ఎవరికి వారు వచ్చి క్లెయిమ్ నొక్కాలి.

మద్దిలపాలెం_మావ:
దానంతటదే పడాలన్నాడు కదమ్మా, మళ్లీ నొక్కుడెందుకు? ఓనర్ ఫోన్‌లో వాలెట్, అందులో గ్యాస్‌కి ఈథర్, దాని పాస్‌ఫ్రేజ్ బోటు మీద ఎక్కడో రాసుకుంటాడు...

కైలాసగిరి_డీబగ్:
క్లెయిమ్ ఎవరు పిలిచినా డబ్బు ఓనర్‌కే వెళ్లేలా రాస్తే సరి, బోట్ల సంఘం ఆఫీసులో కుర్రాడు నొక్కుతాడు.

తీరం_కోడ్:
గుణించి రౌండ్ చేశా, ఎర్ర్ చెక్ పెట్టా. రిజల్ట్‌కోడ్ 0 వచ్చింది! విలువ 740 పడింది. లూప్ రేపు మారుస్తా.

హార్బర్_బాబు:
740 ఏటి? నాట్లా?

తీరం_కోడ్:
సెకనుకి 7.4 మీటర్లు బాబు గారూ, వందతో గుణించాం కదా.

హార్బర్_బాబు:
మరి హద్దు ఎంత పెట్టేవు?

తీరం_కోడ్:
34. ఆగండి, మూడు అడ్రస్‌లకీ డబ్బులెళ్లిపోయాయి.

హార్బర్_బాబు:
ఎల్లవా మరి, 740 ఆ 34ని దాటేసింది కదా. 34 నాట్లంటే సెకనుకి 17.5 మీటర్లు, నీ లెక్కలో 1750 పెట్టు. వేట నిషేధం సంగతి ఇప్పటికీ ఎవుడూ చెప్పలేదు.

ఎంవీపీ_నోడ్:
అది అయ్యాక ఎవరైనా నా డ్రా చూడండి, ఆదివారం మళ్లీ మీటింగ్ ఉంది, సెక్రటరీ గిన్నె తెస్తానంటున్నాడు.