కోళ్ల జాలీకి నీడ: తీగ పాకించాలా, గ్రీన్ నెట్ కట్టాలా?

బోడుప్పల్ పెరడు:
ఇంటి వెనక ఎనిమిది నాటుకోళ్లు, అవి తిరగడానికి పన్నెండడుగుల జాలీ ఉన్నాయి. పోయిన మే నెలలో ఒక మధ్యాహ్నం చూస్తే అన్నీ నోళ్లు తెరిచి, రెక్కలు ఎడం చేసి రొప్పుతున్నాయి. మంచి గుడ్ల పెట్ట ఒకటి చనిపోయింది. ఇంకా మర్చిపోలేకపోతున్నాను. ఈ ఫిబ్రవరిలోనే పైకి ఏదైనా తీగ పాకిద్దామని నా ఆలోచన. మా ఆయన గ్రీన్ నెట్ చాలంటున్నారు. మీరేమంటారు?

ఘట్‌కేసర్ దొండపందిరి:
తీగే పెట్టండి అక్కా. కోడికి చెమట పట్టదు, రొప్పితేనే ఒళ్లు చల్లబడేది. దాని ఒంటి వేడే 41 డిగ్రీల దగ్గర ఉంటుంది. బయట కూడా 40 దాటితే ఆ వేడి ఎటు పోతుంది? నెట్ ఎండను ఆపుతుంది, అంతే. ఆకు నీటిని ఆవిరిగా వదులుతూ చుట్టూ గాలిని కూడా చల్లబరుస్తుంది. దొండ అయితే ఒకసారి కొమ్మ నాటితే ఏళ్ల తరబడి ఉంటుంది. చిక్కుడు వద్దు, చలికాలం కాసి ఎండలు ముదిరే వేళకు ఎండిపోతుంది.

నాగోల్ మేడ:
నేను ఒప్పుకోను. రెండేళ్లు బీర పాకించాను. సగం మొదళ్లు కోళ్లే గీరి పారేశాయి. మిగిలిన వాటికి పెంకు పురుగు. మందు కొడితే రాలిన పురుగులను కోళ్లు తింటాయి, ఆ గుడ్లు మా పిల్లలు తింటారు. ఎలా కొట్టను? వానల్లో ఇంకో తిప్పలు. ఆకు దట్టమై కింద నేల ఆరలేదు, కోడిపిల్లలకు రక్తపారుడు పట్టింది. నెట్ అయితే జూన్‌లో విప్పి మడిచి పెట్టుకోవచ్చు.

ఘట్‌కేసర్ దొండపందిరి:
మందు కొట్టకూడదు, అది నిజం. నేను పొద్దున్నే పురుగులు ఏరి కోళ్లకే వేస్తాను. కానీ మొదలు జాలీ లోపల ఉంటే కోడి గీరకుండా ఉంటుందా అన్నా? పడమటి ఎండ వచ్చే వైపు, జాలీకి బయట అడుగు దూరంలో నాటి, చుట్టూ రాళ్లు పేర్చాలి. తొలకరికి తీగ కత్తిరించేస్తే నేలకు ఎండ తగులుతుంది. దొండ మళ్లీ చిగురిస్తుంది.

శంషాబాద్ తోట:
తీగను నేల దాకా వేలాడనివ్వకండి. ఎలుకలు చేరతాయి, వాటి వెనక పాము వస్తుంది. కంచె మీద గురివింద తీగ ఉంటే ముందు పీకేయండి, దాని గింజ విషం.

బోడుప్పల్ పెరడు:
ఇప్పుడు నాటినా ఈ మే నాటికి జాలీ అంతా కమ్ముకోదేమో, కోళ్ల ప్రాణాలతో పందెం వేయలేను. అందుకే ఈ ఎండాకాలానికి నెట్ కడతాను. దొండ మాత్రం ఇప్పుడే బయట నాటి, వానల్లో కత్తిరించి చూస్తాను. నాగోల్ అన్నా, రక్తపారుడు సంగతి చెప్పి మంచిపని చేశారు. దొండలో ఆడ మొక్క, మగ మొక్క వేరు కదా, కాసే తీగ నుంచి కొమ్మ ఎవరైనా ఇస్తారా? ఘట్‌కేసర్ దాకా అయినా వచ్చి తీసుకుంటాను.