'గ్రహణం మొర్రి' అంటే అంగిలి చీలికేనా?

ప్రశ్న: దంతవైద్య వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. శీర్షిక 'చికిత్స పొందని అంగిలి చీలిక గల పెద్దల్లో ముఖ మృదుకణజాల లక్షణాలు' అని పెట్టాను. చాలా బరువుగా ఉంది. 'అంగిలి చీలిక' తీసేసి అందరికీ తెలిసిన 'గ్రహణం మొర్రి' పెట్టొచ్చా?

జవాబు: వద్దండి. మొర్రి పెదవిది. కడుపులో బిడ్డకు పైపెదవి దాదాపు 7వ వారానికే అతుక్కుంటుంది, అంగిలి మూసుకోవడం 12వ వారం దాకా సాగుతుంది. అందుకే పెదవి, చిగురు నిక్షేపంగా ఉండి అంగిలి ఒక్కటే చీలి ఉండటం మామూలే. మీ వ్యాసం వాళ్ల గురించైతే 'గ్రహణం మొర్రి' అని చదివినవాళ్లు ఫొటోల్లో లేని పెదవి చీలిక కోసం వెతుకుతారు. పైగా ఆ పేరులోనే తల్లి గ్రహణం చూసిందన్న నింద ఉంది. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

మరో జవాబు: 'అంగుడు' కూడా మంచి మాటే. కానీ ఆస్పత్రిలో రోగికి చెప్పేటప్పుడు 'అంగిలి' అంటేనే వెంటనే తెలుస్తుంది. కొండనాలుక రెండుగా చీలి ఉంటే లోపల, పైపొర కింద, కండ కలవలేదేమోనని అనుమానించాలి. పైకి అంగిలి మూసుకున్నట్టే కనబడుతుంది కాబట్టి ఆ లోపలి చీలిక చాలామందిలో తెలియకుండా ఉండిపోతుంది.

జవాబు: నా అభ్యంతరం 'మృదుకణజాలం' మీద. అంగిలి వెనక భాగం కూడా మెత్తటిదే కనుక పాఠకుడు అదనుకుంటాడు. ఇక్కడ కొలిచేది ముఖం పక్క రూపు: ముక్కు కొస, ముక్కు అడుగు, రెండు పెదవులు, చుబుకం మీది చర్మం, కండ. తలకు పక్కనుంచి ఎక్స్‌రే తీసి గీతలు గీస్తారు. ముక్కు అడుగుకూ పైపెదవికీ మధ్య కోణం సాధారణంగా 90 నుంచి 110 డిగ్రీలు. ముక్కు కొస నుంచి చుబుకానికి గీత గీసి పెదవులు దానికి ఎంత వెనక ఉన్నాయో చూస్తారు. ఆ గీతకు చెప్పే కొలతలు తెల్లవాళ్లవి. మనవాళ్ల పెదవులు సహజంగానే కాస్త ముందుకుంటాయి, వాటిని లోపమని రాసేయకూడదు. ఎక్స్‌రే సమయంలో పళ్లు కలిపి పెదవులు వదులుగా ఉంచాలి. మూతి బిగిస్తే పైపెదవి చదునై, చుబుకం కండ ముడుచుకుని కొలతలన్నీ తప్పుతాయి. కాబట్టి 'ముఖం పక్క రూపు' అనండి, 'మృదుకణజాలం' లోపలి పేరాలో ఒకసారి వివరించండి.

జవాబు: శీర్షికలో అసలు కీలకం 'చికిత్స పొందని'. అది నిర్లక్ష్యంలా వినిపిస్తుంది, 'ఆపరేషన్ జరగని' అనండి. ఎందుకంటే ఆపరేషన్ అయినవారితో పోలిక అక్కడే ఉంది. చిన్నప్పుడే అంగిలి కుట్టినప్పుడు ఎముక మీద గట్టిపడే మచ్చ పైదవడను ముందుకు పెరగనివ్వదు, ముఖం మధ్య భాగం లోపలికి పోయినట్టవుతుంది. శ్రీలంకలో ఆపరేషన్ జరగని వారిని పరిశీలించి మార్స్, హ్యూస్టన్ అనే పరిశోధకులు 1990లో ప్రచురించినది ఇదే చూపింది: పైదవడకు పెరిగే శక్తి ఉంది. అయితే వాళ్లు చూసింది పెదవి, అంగిలి రెండూ చీలినవారిని. అంగిలి ఒక్కటే చీలినవారికి అదే ఫలితం అంటగట్టకండి.

ప్రశ్న: మరి వీళ్ల మాటను 'నత్తి' అని రాయొచ్చా?

జవాబు: వద్దు. నత్తిలో మాట తడబడుతుంది, ఇక్కడ గాలి ముక్కులోకి పోతుంది. ప, బ, ట, క లకు నోట్లో గాలి నిలవాలి, అంగిలి మూయకపోతే నిలవదు. 'బాబు' కాస్తా 'మాము'కు దగ్గరగా వినిపిస్తుంది. మ, న లకు ఆ చిక్కు లేదు. ముక్కు కింద చిన్న అద్దం పెట్టి 'పాప' అనిపిస్తే అద్దం మసకబారుతుంది. 'ముక్కుతో పలకడం' అని రాస్తే చాలు.

ప్రశ్న అడిగినవారు: అయితే శీర్షిక ఇలా: 'అంగిలి చీలికకు ఆపరేషన్ జరగని పెద్దల్లో ముఖం పక్క రూపు'.