డయాలసిస్ రోజుల్లో సండే స్కూల్ ఆపేయాలా?

అందరికీ వందనాలు. మాది గుంటూరు, కొరిటెపాడు. పదకొండేళ్లుగా మా సంఘంలో సండే స్కూల్ చెబుతున్నాను. ఏడాదిన్నరగా మా వారికి డయాలసిస్. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. నీళ్లు కొలిచే ఇవ్వాలి. ఈ ఎండల్లో గ్లాసు అడుగున మిగిలిన రెండు గుక్కలు తాగేసి ఆయన నా వైపు చూస్తుంటే తట్టుకోలేకపోతున్నాను.

శనివారం రాత్రి ఆయన చేతి కట్టు విప్పి, పడుకోబెట్టి, అప్పుడు పిల్లల పాఠం చూసుకుంటాను. మొన్న బైబిల్లో ఎన్నో కష్టాలు పడ్డ యోబు కథ చెబుతుంటే గొంతు పెగల్లేదు. ఒక చిన్నపాప వచ్చి నా కొంగు పట్టుకుని నిలబడింది.

సంఘంలో ఒకరు "మీకు విశ్వాసం చాలక స్వస్థత రావట్లేదు" అన్నారు. చాలా బాధేసింది. తన శరీరంలో ముల్లులా ఉన్న బాధను తీసేయమని అపొస్తలుడైన పౌలు ప్రభువును మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు కదా, ఆయనకు విశ్వాసం తక్కువా? 1883లో అమెరికా నుంచి మిషనరీగా మన గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1930లో ఇక్కడే కన్నుమూశారు. ఆమె పేరున్న ఆసుపత్రి ముందు నుంచి వెళ్లినప్పుడల్లా, నేనెలా ఆపేయను అనిపిస్తుంది. కానీ ఒంట్లో ఓపిక లేదు.

ఇంట్లో రోగిని చూసుకుంటూ పరిచర్య చేసినవాళ్లు దయచేసి చెప్పండి. కొన్నాళ్లు క్లాసు వేరొకరికి అప్పగిస్తే తప్పా? ప్రార్థనకు మాటలే రాని రాత్రుల్లో మీరేం చేసేవారు?