మొదటి కారు: ఆరు లక్షల లోపు కొత్తదా, పాతదా?

ప్రశ్న: ఖమ్మం_కుర్రాడు

అందరికీ నమస్కారం. నాకు ఇరవై అయిదేళ్లు. ఖమ్మంలో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను; కోతలన్నీ పోను నెలకు 38 వేలు చేతికి వస్తుంది. ఇంట్లో అమ్మ, నాన్న, నా భార్య, రెండేళ్ల పాప ఉన్నారు. ఇన్నాళ్లూ బైకు మీదే నెట్టుకొచ్చాం గానీ, నాన్నగారికి మోకాళ్ల నొప్పులు పెరిగినప్పటి నుంచి ఆసుపత్రికి వెళ్లాలన్నా, పండక్కి ఊరికి వెళ్లాలన్నా ప్రతిసారీ కారు మాట్లాడుకోవలసి వస్తోంది. నాకు కారు లైసెన్సు ఈ మధ్యనే వచ్చింది. డ్రైవింగ్ స్కూలు కారు తప్ప మరో కారు నడిపిన అనుభవం లేదు.

దాచుకున్న సొమ్ము రెండు లక్షలుంది. మిగిలింది రుణం తీసుకుని, రిజిస్ట్రేషన్, బీమా అన్నీ కలుపుకుని ఆరు లక్షలు దాటకుండా కొనాలని అనుకుంటున్నాను. నెలకు 800 కిలోమీటర్ల వరకు తిరుగుతాం. మా ఊరికి వెళ్లే దారిలో చివరి భాగం మట్టి రోడ్డు. ఏడాదిలో కొన్నిసార్లు హైదరాబాద్ ప్రయాణం తప్పదు.

స్నేహితులేమో అదే డబ్బుకు పాత డీజిల్ ఎస్‌యూవీ వస్తుందని, మా మామగారేమో చిన్నదైనా కొత్త బండే కొనమని అంటున్నారు. చిన్న వయసు డ్రైవరుకు బీమా ప్రీమియం చాలా ఎక్కువ ఉంటుందని కొన్ని విదేశీ వెబ్‌సైట్లలో చదివాను. అందుకే కారును నాన్నగారి పేరు మీద తీసుకుంటే మేలని ఇంట్లో అనుకుంటున్నాం. ఆయనకు లైసెన్సు లేదు. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

జవాబు: సూర్యాపేట_పెద్దన్న

తమ్ముడూ, ఏ కారు కొనాలన్న మాట తరువాత చూద్దాం, ముందు నెల లెక్క వేద్దాం. నాలుగు లక్షలు తొమ్మిది శాతం వడ్డీకి అయిదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 8,300 కిస్తీ పడుతుంది. పెట్రోలు లీటరు 107 రూపాయలు అనుకుందాం. కంపెనీ కాగితం మీద ఎంత మైలేజీ రాసుకున్నా, ఏసీ వేసుకుని ఊళ్లో తిరిగే చిన్న కారు లీటరుకు పదిహేను కిలోమీటర్లు ఇస్తే సంతోషించాలి కాబట్టి, మీ 800 కిలోమీటర్లకు పెట్రోలుకే 5,700 పోతుంది. సర్వీసింగు, బీమా, టైర్ల కోసం నెలకు రెండు వేలు పక్కన పెట్టక తప్పదు. అంతా కలిపితే పదహారు వేలు. 38 వేల జీతంలో, చిన్న పిల్ల ఉన్న ఇంట్లో, ఇది మోయగలిగిన బరువని నేను అనుకోను. షోరూంలో మీ ముఖం చూసి ఏడేళ్లకు పెట్టుకోమంటారు. కిస్తీ 6,400కు దిగుతుంది, నిజమే. మొత్తం వడ్డీ మాత్రం 98 వేల నుంచి లక్షా నలభై వేలకు ఎగబాకుతుంది. ఆ ఆఖరి రెండేళ్లు పాత బండికి కొత్త బండి కిస్తీ కడుతూ ఉంటారు.

కాబట్టి నా సలహా, ఆరు లక్షల మాట మరచిపోయి, నాలుగు లక్షల చుట్టుపక్కల ఒకే యజమాని దగ్గర నడిచిన పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ (డిక్కీ బయటికి పొడుచుకురాని చిన్న కారు) చూసుకోండి. వ్యాగన్ ఆర్ కానివ్వండి, టియాగో కానివ్వండి. రుణం రెండు లక్షలతో సరిపోతుంది. తయారీ సంవత్సరం చూసేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోండి: 2019 జూలై నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగు, వెనుక పార్కింగ్ సెన్సార్లు తప్పనిసరి అయ్యాయి, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 కాలుష్య ప్రమాణం వచ్చింది, 2022 నుంచి డ్రైవరు పక్క సీటుకూ ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది. కుటుంబం కోసం కొంటున్నారు కాబట్టి వీలైతే 2022 తరువాతి బండే వెతకండి, రేటు కొంచెం ఎక్కువైనా సరే.

డీజిల్ ఎస్‌యూవీ గురించి ఒక్క మాట. మీ తిరుగుడుకు డీజిల్‌లో మిగిలేది ఏమీ లేదు, పైగా ఇంజెక్టర్లో టర్బోనో పోయిందంటే ఒక్క బిల్లుతో మీ రెండు నెలల జీతం వెళ్లిపోవచ్చు. పదేళ్ల డీజిల్ మీద నిషేధం ఢిల్లీ చుట్టుపక్కల వ్యవహారం, మనకు వర్తించదు. అయినా ఆ బండి మీ ఇంటికి వద్దు.

జవాబు: షెడ్డు_మెకానిక్

పెద్దన్న గారు చెప్పిన లెక్క బాగుంది. అయితే ఖమ్మంలో సెకండ్ హ్యాండ్ బండి కొనేవారు అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో ఈ బండి ఎక్కడుంది? ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు నీట మునిగిన కార్లలో కొన్ని శుభ్రంగా కడిగి, సీటు కవర్లు మార్చి, సెంటు కొట్టి మళ్లీ అమ్మకానికి వచ్చాయి. పైకి చూస్తే పసిగట్టలేరు. ముందు సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. మడతల్లో ఎండిన బురద మరక గీతలా కనిపిస్తే అక్కడితో బేరం ఆపేయవచ్చు. డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింద గుంటలో వేలితో గీకి చూడండి, సీట్ల కింద పట్టాలకు తుప్పు ఉందేమో టార్చి వేసి చూడండి, కాళ్ల దగ్గర పరిచిన కార్పెట్ మూల ఎత్తి వాసన చూడండి. నీళ్లు తాగిన బండి ఇంజిన్ బాగుచేయవచ్చు గానీ, లోపలి వైరింగు ఏడాది తరువాతనైనా ఏడిపిస్తుంది.

యాక్సిడెంటు బండిని పట్టుకోవడం ఇంతకంటే సులువు. తలుపు అంచున ఉండే రబ్బరు బీడింగును కొద్దిగా ఊడదీస్తే లోపల కంపెనీ వేసిన వెల్డింగు చుక్కలు గుండ్రంగా, సమానమైన దూరంలో కనిపిస్తాయి. అవి అస్తవ్యస్తంగా ఉన్నా, మీద లప్పం పూసి ఉన్నా డెంటింగు జరిగినట్టే. బానెట్ బోల్టుల తలల మీద పెయింటు లేచి ఉంటే ఎవరో స్పానరు పెట్టారన్నమాట. టైరు పక్కన అచ్చువేసిన నాలుగంకెల్లో మొదటి రెండు వారం, తరువాతి రెండు సంవత్సరం: 1422 అని ఉంటే 2022లో పద్నాలుగో వారం. ముప్పై వేలే తిరిగిందని మీటరు చూపిస్తూ, టైర్లు రెండోసారి మార్చినవి కనిపిస్తే మీటరు వెనక్కి తిప్పారేమోనని అనుమానించాలి. క్లచ్ పెడల్ మీది రబ్బరు, స్టీరింగు తోలు ఎంత అరిగాయో చూసినా తిరిగిన దూరం ఇట్టే తెలుస్తుంది.

బండిని ఉదయాన్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, మీ ఎదుటే స్టార్టు చేయించండి. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే మరో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. నీలిరంగు పొగ వస్తే ఆయిల్ తాగుతోందని అర్థం. ఆ తరువాత మీకు నమ్మకమైన మెకానిక్‌ను కూర్చోబెట్టుకుని గతుకుల రోడ్డు మీద తిప్పి చూడండి; అమ్మే మనిషి చూపించిన మెకానిక్ మాత్రం వద్దు. కంపెనీ సర్వీసు సెంటరులో సర్వీసు చరిత్ర అడిగితే కిలోమీటర్లు అక్కడే బయటపడతాయి.

జవాబు: బెజవాడ_అమ్మాయి

పై ఇద్దరి మాటలనూ గౌరవిస్తూనే నేను విభేదిస్తున్నాను. షెడ్డు మెకానిక్ గారు చెప్పినన్ని పరీక్షలు చేయగలిగిన వారికి పాత బండి లాభమే. నిన్నమొన్న లైసెన్సు తీసుకున్న మనిషి గతుకుల మీద వచ్చే చప్పుడు సస్పెన్షన్‌దో, డిక్కీలోని జాకీదో ఎలా పోల్చుకుంటాడు? పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి 4 మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజిన్ ఉన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. అంతకు ముందు సెస్సుతో కలిపి 29 శాతం ఉండేది. కొత్త బండి ధర అంత తగ్గినా, పాత బండ్లు అమ్మేవారిలో కొందరు ఇప్పటికీ పాత షోరూం ధరను తలచుకుంటూ రేటు చెబుతున్నారు. మీరు పాతదే కొనాలనుకున్నా, అదే మోడల్ ఈ రోజు కొత్తది ఎంతకు వస్తుందో కొటేషన్ చేతిలో పెట్టుకుని బేరానికి కూర్చోండి.

భద్రత విషయంలో కూడా తేడా ఉంది. కార్లను గుద్దించి చూసి అయిదుకు నక్షత్రాలిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షల్లో 2020లో టియాగోకు పెద్దల రక్షణలో నాలుగు నక్షత్రాలు వచ్చాయి. 2023లో పరీక్షించిన ఆల్టో కె10కు రెండు, వ్యాగన్ ఆర్‌కు ఒకటి మాత్రమే వచ్చాయి, అవి రెండు ఎయిర్‌బ్యాగుల బండ్లు. 2025 నుంచి ఆ రెండింటిలోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లలో ఇస్తున్నారు. బ్యాగులు పెరిగినంత మాత్రాన బాడీ గట్టిపడదని నా అభిప్రాయం, కానీ ఏమీ లేని దానికంటే నయమే.

పాప గురించి ఎవరూ మాట్లాడలేదు. ముందు సీటులో పిల్లను ఒడిలో కూర్చోబెట్టుకోవడం మన ఇళ్లలో మామూలు. ఎయిర్‌బ్యాగు తెరుచుకుందంటే ఆ దెబ్బ పెద్దవాళ్లకు కాదు, ఒడిలో ఉన్న పిల్లకు తగులుతుంది. వెనుక సీటులో ఐసోఫిక్స్ కొక్కేలకు బిగించే చైల్డ్ సీటును కారు బడ్జెట్‌లోనే కలపండి. అది ఒక మనిషి చోటు తీసుకుంటుంది కాబట్టి, షోరూంకు అమ్మగారిని, మీ శ్రీమతిని, వీలైతే ఆ సీటును కూడా తీసుకెళ్లి వెనుక ముగ్గురూ పడతారో లేదో కూర్చుని చూడండి. మీ నాన్నగారి చేత నాలుగైదు సార్లు ముందు సీటులోకి ఎక్కించి, దింపించండి. మోకాళ్ల నొప్పులున్నవారికి కిందికి కూలబడవలసిన సీటు కంటే, నిలబడినవారు నిలబడినట్టే పక్కకు జరిగి కూర్చోగలిగిన ఎత్తు సీటు సుఖం. ఆ ఒక్క విషయంలో వ్యాగన్ ఆర్‌కు నేను ఓటేస్తాను. టియాగో సీటు కిందికి ఉంటుంది.

సీఎన్‌జీ కూడా ఎవరో ఒకరు అంటారు కాబట్టి ముందే చెబుతున్నాను. దానికి లక్ష రూపాయలు ఎక్కువ పెట్టి, కిలోమీటరుకు మూడు రూపాయలు మిగిలించుకున్నా, మీరు తిరిగే దూరానికి ఆ లక్ష తిరిగి రావడానికి మూడేళ్లు దాటుతుంది, ఈలోగా డిక్కీలో సిలిండరు కూర్చుని మీ పెట్టెలు ఒడిలోకి వస్తాయి.

జవాబు: బీమా_లెక్కలు

విదేశీ వెబ్‌సైట్లలో చదివింది ఇక్కడికి అన్వయించకండి. బ్రిటన్ వంటి చోట్ల వయసును బట్టి ప్రీమియం మండిపోతుంది గానీ, మన దేశంలో థర్డ్ పార్టీ ప్రీమియం, అంటే మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి కట్టే భాగం, ఇంజిన్ సీసీని బట్టి ప్రభుత్వం నిర్ణయిస్తుంది. కొత్త కారుకు మూడేళ్లది ఒకేసారి కట్టాలి: 2022 జూన్‌లో నిర్ణయించిన రేటు ప్రకారం 1000 సీసీ లోపు 6,521 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ వరకు 10,640 రూపాయలు, పైన జీఎస్టీ. సొంత బండి నష్టానికి కట్టే భాగం ముఖ్యంగా బండి విలువ, మోడల్, ఊరు చూసి లెక్కిస్తారు.

కాబట్టి నాన్నగారి పేరు మీద తీసుకోవడం వల్ల మీకు మిగిలేది లేదు, పోయేది ఉంది. యజమానే డ్రైవరైతే వచ్చే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా, యజమానికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉంటేనే వర్తిస్తుంది. మీ నాన్నగారికి లైసెన్సు లేదు కాబట్టి ఆయనకు అది రాదు; బండి మీ పేరున లేదు కాబట్టి నడిపే మీకూ ఆ హోదాలో రాదు. క్లెయిము చేయని సంవత్సరాలకు వచ్చే నో క్లెయిమ్ బోనస్ కూడా యజమానికి చెందుతుంది, బండికి కాదు. మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై, వరుసగా అయిదేళ్లకు 50 శాతం వరకు పెరిగే ఆ తగ్గింపును ఇప్పటి నుంచే మీ పేరు మీద కూడబెట్టుకోండి.

కొత్త డ్రైవరు ముందుగా గీకించేది బంపరునే. మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాలకు సగం తరుగు కోసేస్తారు, అందుకే మొదటి రెండు మూడేళ్లు ఆ తరుగు కోయని జీరో డిప్రిసియేషన్ పాలసీ తీసుకోండి. రెండు మూడు వేలతో పోయే గీతకు మాత్రం క్లెయిము చేసి బోనస్ పోగొట్టుకోకండి. పాలసీ షోరూంలోనే కొనాలన్న నిబంధన లేదు. బయట కొటేషన్ తీసుకుని చూపిస్తే వాళ్లే తగ్గిస్తారు.

ఖమ్మం_కుర్రాడు

అందరికీ కృతజ్ఞతలు. నెల లెక్క చూశాక ఆరు లక్షల ఆలోచన మానుకున్నాను. ఆదివారం నాన్నగారితో రెండు షోరూంలకు వెళ్లి కూర్చుని చూశాం. ఆయనకు ఎత్తు సీటే నచ్చింది. 2022 వ్యాగన్ ఆర్ ఒకటి తెలిసినవారి ద్వారా చూశాను. అయితే బండి విజయవాడలో ఉంది, ఆంధ్ర రిజిస్ట్రేషన్, రుణం ఇంకా తీరలేదట. ఇక్కడి ధర కంటే 40 వేలు తక్కువ చెబుతున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: షెడ్డు_మెకానిక్

ఆ 40 వేలు మీకు మిగలవు. ఆంధ్ర బండిని తెచ్చి ఖమ్మంలో ఉంచుకోవాలంటే అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28తో ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టి, తెలంగాణ నంబరు వేయించుకోవాలి. బండి వయసును బట్టి ట్యాక్సులో తగ్గింపు ఉన్నా, మీకు మిగులుతుందనుకున్నదంతా దానికే సరిపోతుంది. అమ్మినవారు అక్కడ కట్టిన ట్యాక్సులో మిగిలిన వాటా వాపసు అడగవచ్చు గానీ, ఆ తిరుగుడు మీరు పడలేరు. పైగా విజయవాడ బండి, 2022ది. నేను మొదట అడగమన్న ప్రశ్న అడిగారా?

ఇక్కడి తెలంగాణ నంబరు బండే చూడండి. రుణం ఉన్న బండి నచ్చితే, అమ్మేవారి చేతికి డబ్బు ఇవ్వకుండా నేరుగా బ్యాంకులో ఆ రుణ ఖాతాకు కట్టి, రుణం తీరిందని బ్యాంకు సంతకం పెట్టిన ఫారం 35, ఎన్‌వోసీ చేతికి వచ్చాకే మిగతా సొమ్ము ఇవ్వండి. బండి పేరు మార్పిడికి కావలసిన ఫారం 29, 30 మీద సంతకాలు అదే రోజు చేయించుకోండి. చలాన్లు ఎన్ని ఉన్నాయో నంబరు కొట్టి చూసి, అవి అమ్మేవారి చేతనే కట్టించండి. ఆర్‌సీ మీ పేరు మీదికి మారగానే, పద్నాలుగు రోజుల లోపు బీమా పాలసీని కూడా మార్పించుకోవాలి. అంతవరకు పెద్దాయన్ను ఎక్కించుకుని హైదరాబాద్ ప్రయాణం పెట్టుకోకండి.