63 మెయిళ్లు పెట్టాను, వచ్చింది రెండు 'సారీ'లు

మర్రిగూడ_పిల్ల:
అన్నలూ అక్కలూ, నాది నల్గొండ జిల్లా మర్రిగూడ. హైదరాబాద్‌లో బీటెక్ కెమికల్, మూడో ఏడు. వచ్చే మే నుంచి మూడు నెలలు జర్మనీలో ఇంటర్న్‌షిప్ చేయాలని ఉంది. నీటి శుద్ధి కంపెనీలైతే ఇంకా మంచిది. దసరా సెలవుల్లో నాన్న ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని 63 కంపెనీలకు మెయిల్ చేశాను. రెండు చోట్ల నుంచి 'సారీ' అని వచ్చింది. మిగతావాళ్లు ఉలకలేదు, పలకలేదు.

నేను రాసింది ఇదీ: "రెస్పెక్టెడ్ సర్ ఆర్ మేడమ్, ఐ యామ్ ఎ హార్డ్‌వర్కింగ్ స్టూడెంట్ ఫ్రమ్ హైదరాబాద్. ఐ విష్ టు జాయిన్ యువర్ ఎస్టీమ్డ్ ఆర్గనైజేషన్..." మర్రిగూడ అంటే వాళ్లకేం తెలుస్తుందని హైదరాబాద్ అని పెట్టాను.

అమీర్‌పేటలో ఒకాయన లక్షన్నర కడితే ఇప్పిస్తానంటున్నాడు. బత్తాయి పైసలు రాగానే కడదామని నాన్న. నాకైతే టెన్షన్‌గా ఉంది.

మిర్యాలగూడ_టు_మ్యూనిక్:
చెల్లె, ముందు ఆ లక్షన్నర ఆపు. నాలుగు సెమిస్టర్లు అయిపోయి, చదువుకు సంబంధించిన పనే అయితే జర్మనీలో ఇంటర్న్‌షిప్‌కు దారి ఉంది. దానికి అక్కడి ప్రభుత్వ ఉపాధి సంస్థ ఒప్పుకోలు కావాలి. అది నిన్ను తీసుకునే కంపెనీ అడిగి తెచ్చేది, అమీర్‌పేటలో దొరికేది కాదు.

ఇక మెయిల్. పెద్ద కంపెనీల 'ఇన్ఫో' అడ్రస్‌కే పంపి ఉంటావు, అవునా? జర్మన్ కంపెనీల వెబ్‌సైట్లలో అడుగున 'ఇంప్రెస్సుమ్' అని ఒక లింక్ ఉంటుంది. చట్టం ప్రకారం పెట్టాల్సిందే. కంపెనీ తరఫున బాధ్యుడెవరో, మెయిల్ ఏమిటో అందులో రాసి ఉంటుంది. ముప్పై మంది పనిచేసే కంపెనీ అయితే నీ మెయిల్ ఓనరే చదవొచ్చు. అలాంటి చిన్నవి ఎక్కడ దొరుకుతాయంటే, మా మ్యూనిక్‌లో రెండేళ్లకోసారి ఐఫాట్ అని నీళ్లు, చెత్త శుద్ధి వాళ్ల పెద్ద ఎగ్జిబిషన్ జరుగుతుంది. అందులో స్టాల్ పెట్టేవాళ్ల జాబితా నెట్‌లో ఉంటుంది. అక్కడ వెతుకు.

వారం దాకా జవాబు రాకపోతే ఫోన్ చెయ్. అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు మార్చారు, ఇప్పుడు మనకంటే నాలుగున్నర గంటలు వెనక. నీకు మధ్యాహ్నం రెండైతే ఇక్కడ తొమ్మిదిన్నర. శుక్రవారం మధ్యాహ్నం తర్వాత మాత్రం వద్దు, ఎవరూ ఎత్తరు.

రిటైర్డ్_నీళ్ల_ఇంజినీర్:
బిడ్డా, ఆ అన్న చెప్పింది బాగుంది. నాకు మాత్రం ఒక్కటే బాధ. ఊరి పేరు ఎందుకు దాచావు? నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పని చేసేవాళ్లు హైదరాబాద్ పేరు వినకపోయినా నల్గొండ పేరు వినే ఉంటారు. నాగపూర్‌లో 'నీరి' అనే జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ వాళ్లు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి, దానికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరు పెట్టారు. కెన్యా, ఇథియోపియా దాకా పోయింది ఆ పేరు. రోజూ కొలిచి కలపడం, అడుగున మిగిలే బురదను ఏం చేయాలన్నది, అది వేరే గోస. సరే, ప్రాజెక్టు ఏమైనా చేశావా?

మర్రిగూడ_పిల్ల:
చేశాను సార్. ఫ్లోరైడ్‌ను పట్టుకునే యాక్టివేటెడ్ అల్యూమినా గుళికలు వంద గ్రాములు గొట్టంలో నింపి, చిన్న కాలమ్ కట్టి మా పాత బోరు నీళ్లు పోశాం. లీటరుకు 4.2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ 0.9కి దిగింది. కానీ ముప్పై లీటర్లు దాటాక మళ్లీ తాగునీటి హద్దు 1.5 పైకి పోయింది. ఫెయిలైందని రెజ్యూమెలో పెట్టలేదు. నడుము వంగిన మా నానమ్మ ఇప్పటికీ ఆ బోరు దగ్గరే కూర్చుంటుంది. ఆ సంగతి కూడా ఎక్కడా రాయలేదు.

మిర్యాలగూడ_టు_మ్యూనిక్:
ఫెయిల్ కాదు తల్లీ, మెయిల్ అంటే అదే! "మాది నల్గొండ, మా బోరులో 4.2, నా కాలమ్ ముప్పై లీటర్లకు అలసిపోయింది, ఎందుకో నేర్చుకోవాలని ఉంది." ఇంతే రాయి. నానమ్మ గురించి ఒక్క వాక్యం చాలు, ఏడిపించకు. ఎస్టీమ్డ్ తీసెయ్.

పాలమూరు_77:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. గది అద్దె సంగతి ఎవరూ చెప్పట్లేదు. ఆఫర్ లెటర్‌లో స్టైపెండ్ ఎంతో అంకెల్లో రాయించుకో. నేను రాయించుకోక అక్కడ మూడు నెలలు అటుకులు తిని బతికాను. ఇంకోటి, ఇంటర్న్‌షిప్ మీ సిలబస్‌లో తప్పనిసరా కాదా అని కాలేజీ లెటర్ తీసుకో. మూడు నెలల లోపు అయినా, తప్పనిసరి అయినా అక్కడి కనీస వేతనం వర్తించదు, అందుకే వాళ్లు అడుగుతారు.

మర్రిగూడ_పిల్ల:
పది రోజుల తర్వాత వచ్చాను. ఈసారి తొమ్మిదే పంపాను, పేర్లు పెట్టి. నిన్న ఒకాయన జవాబిచ్చాడు. ఉద్యోగం మాటే లేదు, ఒక ప్రశ్న వేశాడు: అలసిపోయిన అల్యూమినాను కడిగి మళ్లీ వాడి చూశావా అని. నేను చూడలేదు! కాస్టిక్ సోడాతో కడగాలని చదివాను. ఆ వంద గ్రాములు ఇంకా డబ్బాలో ఉన్నాయి. ఆదివారం కడిగి చూసి, అప్పుడు జవాబిస్తే ఏమైనా అనుకుంటాడా?

రిటైర్డ్_నీళ్ల_ఇంజినీర్:
జవాబు ఆపకు బిడ్డా. 'చేయలేదు, ఆదివారం చేస్తున్నా' అని ఇవాళే రాయి. ఒక్క శాతం ద్రావణం చాలు, కడిగాక అందులో మిగిలే సోడాను పలుచని ఆమ్లంతో తటస్థం చేయాలి. చేతులకు గ్లవుజులు మరవకు. నానమ్మను దూరంగా కూర్చోబెట్టు.